టవలు కింద ధర

తిరుపతి, 13 ఫిబ్రవరి 2003

సెల్‌ఫోన్లు వచ్చాక బెల్లం బేరాలు ఎలా మారాయన్నది నాదీ, నా తోటి విద్యార్థిని శైలజదీ పరిశోధన. ఈరోజు చిత్తూరు మండీలో శైలజ దళారిని సూటిగా అడిగేసింది.

"ఫోన్లుండాయి కదన్నా, ఇంకా టవలు కింద వేళ్లు పట్టుకుని బేరమెందుకు?"

"ఫోన్లో చెప్తే పక్కోడు వింటాడమ్మా. ఏలు పట్టుకుంటే ధర మా ఇద్దరికే తెలుస్తాది."

"నాకూ సూపించన్నా!" అంటూ టవలు కింద చెయ్యి పెట్టేసింది.

"ఈ పాప మండీనే కొనేస్తాదప్పా!" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఆపైన ఆమెతోనే మాట్లాడారు.

సాయంత్రం మండీ సంగతి విని మా గైడు సారు హైదరాబాదు సదస్సుకు శైలజనే పంపుతానన్నారు. నాకు కడుపు మండిపోయింది. మండీలో ఆమె అడిగింది నా ప్రశ్న. అడగడానికి సిగ్గేసి, పొద్దున బస్సులో నేనే ఆమెకు చెప్పాను.

ఇందాక ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పుకున్నాను. ఆమె పేరు దగ్గర మాత్రం నోరు రాలేదు.