సక్నా ఇంటికి పంపాల్సిన కబురు

ఆగస్టు 1990, అబ్బాసియా, కువైట్

రేపు తెల్లవారుజామున మా బస్సు ఇరాక్ మీదుగా జోర్డాన్‌కు బయలుదేరుతుంది. సక్నా మాతో రావడం లేదు.

ఇరాక్ సైన్యం వచ్చిన రోజే ఆమె పనిమనిషిగా ఉన్న కువైటీ ఇంటివాళ్లు సౌదీకి పారిపోయారు. ఆమె పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. అప్పటినుంచి ఆమె మా ఇంట్లోనే ఉంటోంది.

"సక్నాను కూడా తీసకపోదాం నాయనా," అని అడిగాను.

"పాస్‌పోర్టు లేకుండా ఎట్లమ్మా? చెక్‌పోస్టు కాడ దింపేస్తే ఆ ఎడారిలో ఏమైపోతాదో. ఈడ ఏసుకునేదానికి తలుపన్నా ఉంది." నాయన నావైపు చూడలేదు.

సాయంత్రం నా అట్లాసులో ఆమె తన ద్వీపం చూపించింది. ఇండోనేషియాలో పశ్చిమ నుసా తెంగారా అనే రాష్ట్రం, అందులో లొంబోక్. నుసా అంటే ద్వీపమట. ఆ మాటను చాలాసార్లు పలికి చూసుకున్నాను. అక్కడ రింజాని అనే అగ్నిపర్వతం, దాని కింద వరిమళ్లు. వాళ్లు సాసక్ జనం. నేత రాని పిల్లకు పెళ్లి చేయరట.

"మా దగ్గర, ఇష్టపడిన పిల్లను అబ్బాయి రాత్రిపూట ఎత్తుకుపోతాడు," అని అరబీలో చెప్పి నవ్వింది. "కానీ తర్వాత మనిషిని పంపి, మీ బిడ్డ క్షేమం అని పుట్టింటికి చెప్పించాలి. చెప్పించకపోతే తప్పు."

అట్లాసులో తన ద్వీపం మీద వేలు పెట్టి, "నన్ను పనికి తెచ్చుకున్న మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, నాకోసం మా ఇంటికి ఎవరినీ పంపలేదు. జోర్డాన్ చేరాక నువ్వు మా అమ్మకు కబురు పంపుతావా?" అంది.

"ఏమని?"

"క్షేమం అని."

సరేనన్నాను. ఇప్పుడు వంటింట్లో మా ప్రయాణానికి రొట్టెలు కాలుస్తోంది. రేపు మేం వెళ్లాక ఈ ఇంటి తలుపు ఎవరు తడతారో తెలియకుండా, క్షేమం అని నేనెలా కబురు పంపను?