ముల్లే కాపలా

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అక్క నీ సంవత్సరీకం వంటలో ఉంటే, నేను పెందుర్తి అవతల పశువుల బీడులో కాలనీ వాళ్లతో దెబ్బలాడి వచ్చాను.

కిందటేడు తొలకరికి నువ్వు అక్కడి రేగుపొదల్లోకి చెయ్యి దూర్చి రేల గింజలు, నేరేడు గింజలు పాతుతుంటే నేను నవ్వాను. "నర్సరీలో మొక్కలు దొరకవేటి బావా?" అన్నాను. "తెచ్చి పెడితే గేదెలు వారంలో మేసెత్తాయి. ముల్లుంటే మూతెట్టవు. ముల్లే కాపలా రా," అన్నావు.

ఇవాళ కాలనీ ప్రెసిడెంటు గునపాలతో మనుషుల్ని తెచ్చాడు. ఆ పొదలన్నీ పీకేసి నర్సరీ మొక్కలు నాటి, ఫొటోలు దిగాలట. నేను ఒక పొదలోకి చెయ్యి పెట్టి కొమ్మ పక్కకి లాగాను. లోపల జానెడెత్తున నీ రేల మొక్కలు, వాటి పక్కన ఒక నేరేడు. నా చెయ్యంతా గీరుకుపోయింది.

"నాలుగు మొక్కలకి ఇంత గొడవేటి?" అన్నాడు ప్రెసిడెంటు.

"నాను ఇక్కడే కూకుంటన్నాను. ముందు నన్ను పీకండి, తర్వాత పొద పీకుదురు," అన్నాను.

రేపు పొద్దున్న మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు.

ఇంటికొస్తే అక్క నన్ను తిట్టలేదు. గీతల మీద పసుపు రాసింది. నీ స్టీలు ప్లాంటు డ్యూటీ బ్యాగులో మిగిలిపోయిన రేల గింజలు తెచ్చి ఆ చేతిలోనే పోసింది.

వాళ్లకంటే ముందే వెళ్తాను. మిగతా పొదల్లో ఈ గింజలు పాతి, అక్కడే కూర్చుంటాను. రేపు ఆ బీడులో ఒక ముల్లు ఎక్కువుంటుంది బావా.