పసివాడికి ముసలాయన పేరు

ఆదివారం రాత్రి, సెరంగూన్, సింగపూర్

పక్క ఫ్లాట్ మిరియం ఇవాళ తన బాబుకి ఆల్టర్ అని పేరు పెట్టింది. అర్థమేంటని అడిగాను.

"మా యూదుల యిడ్డిష్ భాషలో ముసలాయన అని."

పది రోజులు కూడా నిండని పసిగుడ్డుకి ఆ పేరా! నిర్ఘాంతపోయాను.

"ముందు పుట్టినవాడు పోయాడు. వీణ్ణి ముసలాడనుకుని చావు వదిలేస్తుందని," అంది.

మా ఆయన పేరు పెంటయ్య. ఆఫీసులో చెప్పుకోడానికి సిగ్గుపడతారు. ఇంటికి రాగానే అత్తమ్మకి ఫోన్ చేసి, ఆ పేరెందుకు పెట్టారని అడిగాను.

"వానికి ముందు ముగ్గురు కొడుకులు పుట్టి పోయిన్రు బిడ్డా. వీణ్ణి పుట్టంగనే పెంట మీద పండబెట్టి తెచ్చుకున్నం. వానికి తెల్వదు."

"అమ్మ ఏమంది?" అన్నారాయన, హాల్లోంచి.

"ఏం లేదు," అన్నాను.

ఒక్కణ్ణే పుట్టానంటారెప్పుడూ. ముగ్గురు అన్నలుండేవారని ఎలా చెప్పను...