ఓరచూపుకు అందే వెలుగు

తమ్ముడూ రాజన్నా,

నువ్వు చదవవు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. ఆండ్రోమెడా గెలాక్సీని చూపిద్దామని చెరుకు తోటల అవతలికి తీసుకెళ్లి, నా బైనాక్యులర్స్ నీ చేతికిచ్చాను. అంత మసక వెలుగు కనబడాలంటే చూపు కాస్త పక్కకు జరపాలన్నాను. నువ్వు వినలేదు.

"సక్కగ సూస్తె కనవడనిది లేనట్టే" అన్నావు. మర్నాడు బోధన్ లైబ్రరీలో అందరి ముందు నన్ను అబద్ధాలకోరును చేశావు. చచ్చేదాకా అదే మాట.

నిన్న నీ సంవత్సరీకం. రాత్రి అదే చోట నీ కూతురు నేను చెప్పినట్టే చూసింది.

"దూది లెక్క కనవడ్తున్నది పెద్దబాపూ. మరి మా బాపు లేదని ఎందుకన్నడు?"

ఏళ్లుగా నేను ఎదురుచూసిన ప్రశ్న.

"గా రాత్రి మొగులు పట్టింది బిడ్డా" అన్నాను.

ఆ రాత్రి మబ్బు తునక కూడా లేదని నీకు తెలుసు. నీ పరువు కాపాడే పని కూడా నాకే తగిలించి పోయావు.