నా కొడుకు మీదుగా గట్టు పోయించండి

భూసంరక్షణ అధికారి గారి సముఖమునకు,
జమ్మికుంట దగ్గరి రాళ్ళపల్లె కాపురస్తురాలు రిబ్కమ్మ వ్రాసుకొను అర్జీ.
మే నెల, 1985.

విషయం: నా చెలకలో వంచి పోసిన గట్టును తీసి, నా కొడుకు సమాధి మీదుగా సరిమట్టంగా పోయించుట గురించి.

అయ్యా,

నేను మిషను బడిలో మూడో తరగతి చదివినదానను. తప్పులుంటే మన్నించవలెను.

1. గుట్ట కింద నాకు రెండెకరాల చెలక గలదు. జొన్న, కంది వేసుకొని బతుకుచున్నాను. నా ఒక్క కొడుకు తోమాసు, తమ శాఖవారు వాలుకు అడ్డంగా గట్లు పోయించినప్పుడు, సర్వే సారు వెంట కొలతకర్ర పట్టుకొని కూలికి తిరిగినాడు. ముందటేడు చలికాలంలో కామెర్లు వచ్చి చనిపోయినాడు. మా చెలకలోనే పెట్టుకున్నాము.

2. నిరుడు ఎండకాలంలో కింది గట్టు కొరకు సారు వచ్చినాడు. సున్నపు గీత సరిగ్గా సమాధి మీదికి వచ్చినది. సారు సిలువను చూసి టోపీ తీసి నిలబడినాడు. "నా కర్ర మోసిన పిలగాడమ్మా, వీని మీద మన్నెట్ల పోయిస్త?" అని, సమాధిని పైకి వదిలి గట్టును కిందికి వంచినాడు. నేను అడగలేదు. చేతులు మాత్రం జోడించినాను.

3. ఆ వంపు పల్లమైనందున మొదటి పెద్దవానకే నీళ్ళన్నీ అక్కడికే చేరి గట్టు తెగినది. మన్ను వాగులో కలిసినది. కంది మొలకలు మన్నుతోనే పోయినవి. సమాధి ఒక పక్క కరిగి కూలినది. కొంగులో మన్ను తెచ్చి పోసినాను. మళ్ళీ పోయినది. ఇంకొక వానకాలం వస్తే నా కొడుకు బయటపడును. అర్జీలో ఇట్లా రాయకూడదేమో, వేరేగా ఎట్లా రాయాలో నాకు తెలియదు.

4. బతికున్నప్పుడు వాడు గుట్టమీది బండకున్న ఒక పొర ఊడదీసి నా అరచేతిలో నలిపినాడు.

"అవ్వా, గీ బండే మన చెలక. ఎండకు పగిలి, వానకు నాని గరుసైతది. గరుసు మన్నైతది. సారు చెప్పిండు."

"ఎన్నొద్దులకైతదిరా?"

"జానెడు మన్నయ్యేది మన తాతల తాతలు గూడ జూడలే."

"గట్లైతే నేనేం జూస్త!"

"నువ్వు జూడవు గని, ఉన్నదాన్ని పోనియ్యకు" అని నవ్వినాడు.

వాని కొరకు గొయ్యి తవ్వినప్పుడు చూసినాను. పైన మూరెడు ఎర్రమన్ను. దాని కింద గరుసు. ఆ కింద వేళ్ళతో చిదిపితే రాలే మెత్తబండ. ఇంకా కిందికి గడ్డపార దిగలేదు. వాడు చెప్పినదంతా గోతి గోడకు కనబడుచుంటే, ఇంటికి పోయి వానికే చెప్పవలెననుకున్నాను.

5. మా బావ అబ్రహాం ఒప్పుకొనుట లేదు. "కన్నకొడుకు మీద తట్టలు గుమ్మరిపిస్తవా? నీకు పానమెట్ల ఒప్పుతదే?" అని పదిమందిలో అన్నాడు. పై గట్టు పోసినప్పుడు, నా మిరపమడి పోతదిరా, గీత జర జరుపుమని నేను తోమాసును బతిమాలినాను. "నీళ్ళు నీ మొకం జూసి ఆగుతయా అవ్వా?" అని కర్ర మడిలోనే పాతినాడు. అదే మాట బావకు చెప్పినాను. "నీళ్ళు నా కొడుకు మొకం జూసి ఆగినయా బావా?" అన్నాను.

కావున తమరు దయవుంచి, గీతను మొదట పడిన చోటికే తెచ్చి, వచ్చే నెల మిరుగు కార్తె వానలు పడకముందే గట్టును వాని మీదుగా పోయించగలరు. కూలివాళ్ళు మొదటి తట్టకు జంకితే నేనే పోస్తాను. నాకు కూలి రాయవద్దు. ఒక తల్లి అడుగరానిది అడిగినదని తలచక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రిబ్కమ్మ, తోమాసు తల్లి.

ఇంకొక మాట: సారు సిలువను చూస్తే మళ్ళీ గీత వంచుతాడు. అందుకని నిన్ననే దానిని పీకి ఇంట్లో పెట్టినాను. సమాధి ఎక్కడని సారు వెతుకవద్దు. నాకు గుర్తు అక్కరలేదు.