లావెండర్ చేనులో పడ్డ మంద

అన్నా,

నీ చెల్లె యాదమ్మ దండాలు. ఇక్కడ నేనూ మా ఆయనా బాగానే ఉన్నాం. మీరంతా బాగున్నారన్న మాట వింటేగానీ నాకు అన్నం సహించదు. అవ్వ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? మక్తల్ దిక్కు వానలు పడ్డాయా, కంది మొలిచిందా? ఈ ఉత్తరం వదినే చదువుతుందని నాకు తెలుసు. వదినా, నడుమ నచ్చని మాట వస్తే మింగేయకు, మీ ఆయనకు మొత్తం చదివి వినిపించు.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని నవ్వకు. పోయిన నెల ఫోన్‌లో నువ్వేమన్నావో గుర్తుందా? "ఇగ నాతోని కాదే యాదీ. దసరా దాటంగనే మంద మొత్తం అమ్మేస్త. అండ్ల నీ గొర్లు పన్నెండున్నయి, నీ మాట కావాలె" అన్నావు. నేను దుప్పట్లు మడతపెడుతూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "నీ ఇష్టం అన్నా, అమ్మెయ్" అనేశాను. కూరగాయలు అమ్మమన్నట్టు అన్నాను. ఆ రోజు నుంచీ మనసు మనసులో లేదు. నోరు జారిన మాటను కాగితం మీదైనా వెనక్కి తీసుకుందామని రాస్తున్నాను. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా విను.

ఈ ఫ్రెంచివాళ్ల దేశంలో నా పని అదే. హోటల్‌లో పక్కలు సర్దడం, దుప్పట్లు ఉతకడం. వాటి మీద లావెండర్ అనే పువ్వు నీళ్లు చల్లుతాం. వచ్చినవాళ్లు ఆహా అని వాసన పీలుస్తారు, నాకు మాత్రం ఆ వాసన తగిలితే నడుము నొప్పి గుర్తొస్తుంది. ఎండ మన వైశాఖం ఎండే, కానీ రాత్రి తొమ్మిదైనా పొద్దు గూకదు. మా ఆయన రోజంతా అదే హోటల్‌లో అందరికీ వండిపెట్టి, ఇంటికొచ్చి పచ్చిపులుసు చెయ్యమంటాడు. ఒక దుకాణంలో జొన్నపిండి దొరికింది గానీ, రొట్టె తట్టబోతే విరిగిపోతుంది. నేను చెయ్యి తిరిగినదాన్ని కాబట్టి తప్పు పిండిదే అని తేల్చాను. అన్నీ ఉన్నాయి అన్నా, దిగులు పడకు. పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు.

మొన్న సోమవారం ఇద్దరికీ సెలవు దొరికింది. మా ఆయన హోటల్ వాళ్ల పాత బండి అడిగి తెచ్చాడు. "నువ్వు చల్లే నీళ్లు యాడికెల్లి వస్తయో చూపిస్త దా" అని ఎక్కించుకున్నాడు. ఊరు దాటి గుట్ట ఎక్కగానే, అన్నా, నేల నేలంతా ఊదా రంగు. సాళ్లు సాళ్లుగా, కంటికి అందినంత దూరం. తేనెటీగల మోత బండిలోకి వినిపిస్తోంది. హోటల్‌లో నాకు పడని వాసన, గాలిలో కలిసి వస్తే ఎంత బాగుందో! అద్దం దించి కళ్లు మూసుకుని కూర్చున్నాను. అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది? "గింత భూమి ఉన్నది, నోట్లె పెట్టుకునేటిది ఒక్కటి లేకపాయె" అన్నాను.

"నీకు అన్నీ గొర్రె కండ్లతోనే కనవడతయి" అని నవ్వాడు మా ఆయన.

ఆ నవ్వు ఆగకముందే గొర్రెలు కనిపించాయి. పువ్వు కోసేసిన చేను ఒకటి, పచ్చటి మొదళ్లు మాత్రం గుండ్రంగా మిగిలి ఉన్నాయి. దాని నడుమ వంద దాకా గొర్రెలు, కాసేవాళ్లు ఎవరూ లేరు. చిన్నప్పుడు బాపు మనకు నేర్పింది ఒక్కటే కదా, మంద ఎవరి చేనులో పడ్డా ముందు బయటికి తోలు, తర్వాత ఎవరివో అడుగు అని. పోయినేడు మంద పత్తి చేనులో పడిందని ఆసామి వాళ్లు నీ చేతికర్ర గుంజుకుని విరిచిన సంగతి కళ్ల ముందు తిరిగింది. బండి ఆపించి, చున్నీ నడుముకు చుట్టి దూకాను. నాలుక మడిచి మన కూత వేశాను. మొదట తలలెత్తి చూశాయి. తర్వాత ఒక ముసలి గొర్రె కదిలింది, దాని వెనక అన్నీ కదిలాయి. గొర్రెకు ఏ దేశమైతేనేం, ముందుది పోతే చాలు. రెండు నిమిషాల్లో మందంతా రోడ్డు పక్కన ఉంది. నేను చెమట తుడుచుకుని, ఎవరైనా వచ్చి మెచ్చుకుంటారేమోనని నిలబడ్డాను.

చెట్టు నీడలోంచి అరుచుకుంటూ ఒక పెద్దావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి, చేతిలో కర్ర. మా ఆయనకు వంటింటి ఫ్రెంచి కొంచెం వచ్చు.

"గొర్లను ఎందుకు ఎల్లగొట్టినవ్ అంటాంది" అన్నాడు.

"చేన్ల పడ్డయని చెప్పు."

ఆయన చెప్పాడు, విన్నాడు, నా దిక్కు చూసి తల గోక్కున్నాడు. "చేను ఆసామే పిలిచిండంట. ఇవి ఆ మొక్కను ముట్టయంట, నడుమ గడ్డే తింటయంట. ఎరువు గూడ పడతది గదా అంటాంది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం నా చున్నీనీ నన్నూ చూసి, కర్ర పట్టుకుని కూలబడి మరీ నవ్వింది. పేరు మార్తా. ఇద్దరం కలిసి మందను మళ్లీ చేనులోకి తోలాం. తర్వాత రొట్టె, జున్ను పెట్టి, మీకూ గొర్రెలున్నాయా అని అడిగింది. మన ఇంట్లో ఆడపిల్ల పుడితే ఒక ఆడ గొర్రెపిల్లను ఆమె పేరు మీద విడుస్తారనీ, కుడి చెవికి గాటు పెడతారనీ, దాని సంతానమంతా ఆ పిల్లదేననీ మా ఆయన చేత చెప్పించాను. ఆవిడ తన గొర్రె చెవి పట్టుకుని గాటు ఎక్కడో చూపించమంది. చూపించాను. ఇప్పుడు నీవి ఎన్ని ఉన్నాయి అని అడిగింది.

నేను గొర్రె చెవి వదిలేశాను. మా ఆయన నా మొహం చూసి మెల్లగా అన్నాడు: "ఉన్నయని చెప్పనా, అమ్మిండ్రని చెప్పనా?"

అక్కడే ఏడ్చాను అన్నా, పరాయి మనిషి ముందు.

దూరాన కూర్చుని చెప్పడం తేలికే. గడ్డి లేదని, తిట్లు పడలేకపోతున్నావని నాకు తెలియక కాదు. కానీ బాపు ఉన్నప్పుడు రైతులు మన ఇంటికొచ్చి పిలిచేవాళ్లు కదా, మా చేనులో నాలుగు రాత్రులు మంద పెట్టు, ఎరువు పడుతుందని. మొన్న వదిన చెప్పింది, పక్క ఊరి రైతు కంది కోసినంక మంద పెట్టమని అడిగితే, "అమ్ముకునేటోనికి నాకెందుకు" అన్నావట. వదినా, చాడీ చెప్పావని ఆయన కోప్పడితే నా పేరు చెప్పు. అన్నా, మళ్లీ పిలుస్తున్నారు. ఒక్కసారి పోయి చూడు. అప్పటికీ కాదనుకుంటే నీ గొర్రెలు నీ ఇష్టం. నా పన్నెండు మాత్రం అమ్మకు. వచ్చే ఎండాకాలం నెల రోజులు సెలవు పెట్టి వస్తాను, కృష్ణ ఒడ్డు దాకా మంద వెంట నేనూ నడుస్తాను.

సెలవు రోజుల్లో తన మందకు తోడు రమ్మంది మార్తా. పోతాను. ఇక్కడ చలిగాలి మొదలైతే ఎముకలు కొరుకుతుందట, మన ఉన్నితో నేసిన నల్ల గొంగడి ఒకటి వీలైతే పంపు. అవ్వ కాళ్లకు నా తరఫున మొక్కు, ఆమె దీవెన నాకు కావాలి. పిల్లలకు ముద్దులు.

మరొకటి. మార్తా నా గొర్రెల ఫొటో అడిగింది. చెవి గాటు కనిపించేలా తీసి పంపు. ఆ రోజు మా ఆయనతో, ఉన్నాయనే చెప్పమన్నాను అన్నా. నన్ను అబద్ధాలకోరును చెయ్యకు.

ఇట్లు,
నీ మాట కోసం ఎదురుచూసే చెల్లె,
యాదమ్మ