నీళ్ల మీద వేసిన నెపం

రమా,

నీకొచ్చిన రొమ్ము క్యాన్సరే నీ చెల్లెలికీ వచ్చింది. ఇది మీ రక్తంలోనే దిగుతున్నదని ఆమె జన్యు పరీక్షలో తేలింది. మన కవితనూ ఆ పరీక్ష చేయించుకొమ్మన్నారు డాక్టర్లు. పెద్దదయింది కనుక నిర్ణయం తనదేనన్నారు.

నువ్వు పోయినప్పుడు మన మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లే కారణమనుకున్నాం. పిల్లను నల్లగొండకు తెచ్చి మంచినీళ్లు తాగిస్తే చాలనుకున్నాం.

నిన్న నీ సంవత్సరీకానికి మీ అమ్మ వచ్చింది.

"పిల్లకు సంబంధం చూస్తున్నం. గీ పరీక్ష ముచ్చట బయటపడితే ఎవరు చేసుకుంటరు అల్లుడా? నీళ్లతోనే వచ్చిందని చెప్పు. నేను గూడ గా నీళ్లే తాగిన, నాకేమన్న అయిందా? పిల్లకు గూడ ఏం గాదు."

"గా మాటే నేనంటున్న అవ్వా," అన్నది కవిత. "నీళ్లతోనైతే అందరికంటె ముందు నీకు రావాలె."

తర్వాత నా వైపు తిరిగింది.

"నాయినా, పరీక్షకు నాతోని వస్తవా? ఒక్కదాన్నే పోవాల్నా?"

వస్తానన్నాను. ఇన్నేళ్లు విలేకరిగా నిజం కనుక్కోవడమే నా పని. ఈ ఒక్కటి తెలియకుంటే బాగుండుననిపిస్తున్నది.

ఇది హైదరాబాద్ బస్సులో రాస్తున్నాను. కవిత పక్కన నిద్రపోతున్నది. ముక్కు నీదే, మొండితనం నీదే. ఇంతకుమించి తనకేమీ ఇచ్చి ఉండకు, రమా.